ఒకటంటే ఎక్కువా, తక్కువా

మొన్న, నేను ఇంకా బతికే ఉన్నానని పింఛను ఆఫీసుకు రుజువు పంపే పని మీద సెంటినరీ కాలనీ గేటు దగ్గరి కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. నా వేలిముద్ర ఆ యంత్రానికి పడలేదు. బొగ్గు పిసికి పిసికి గీతలు అరిగిపోయాయని అక్కడున్న నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను గానీ, నేను పిసికిన బొగ్గు ఎంత, ఎనభై దాటినవాడి చెయ్యి ఎవరిదైనా అంతే. మళ్లీ పిలిచేదాకా కూర్చోమంటే కూర్చుని గోడ వైపు చూస్తే కొత్త బోర్డు ఒకటి కనబడింది. విదేశీ చదువులకు వెళ్లేవారి మార్కులను ఏ దేశపు గ్రేడులలోకైనా పది నిమిషాల్లో మార్చి ఇస్తారట. దుకాణం నడిపే అమ్మాయి ఎవరో తల్లికి, మన దగ్గరి డెబ్బై శాతం ఆ దేశంలో ఎంతవుతుందో, అక్కడ అంకె పెరిగితే మంచిదో తరిగితే మంచిదో, ఉల్లిగడ్డల ధర చెప్పినంత సులువుగా చెబుతోంది. నేను ఆ పది నిమిషాల దగ్గరే ఆగిపోయాను. మా అన్న మార్కులను అటు నుంచి ఇటు మార్చడానికి ఆయన వయసంతా పట్టింది.

మన ఈడువాళ్లకు నేను చెప్పేదేమిటంటే, అరవైల చివరా డెబ్బైలలోనూ ఈ గోదావరిఖని బెల్టు మొత్తంలో తూర్పు జర్మనీ చదువుల లెక్క తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. పెద్ద పెద్ద ఇంజనీర్లకు నేను పాఠం చెప్పాను. సరే, పెద్ద పెద్ద ఇంజనీర్లన్నది తీసెయ్యండి. బొగ్గు బాయి గేటు ముందటి చాయ్ హోటల్లో బల్ల మీద కూర్చునేవాళ్లకు చెప్పాను, అందులోనూ సగం మంది రామగుండం బస్సు కోసం ఆగినవాళ్లు. నాకు తెలిసిందంతా అన్న చెప్పిందే. అయినా విన్నవాళ్లు విన్నారు, తల ఊపినవాళ్లు ఊపారు, అది మాత్రం కల్పన కాదు.

మాది రామగిరి గుట్టల పక్క పల్లె. వానొస్తే పంట, లేకపోతే పస్తు అన్నట్టుండే నాలుగు చెలకలు. ఇటు బొగ్గు బాయిలు తెరిచారని తెలిసి ముందుగా మా నాయిన తమ్ముడు, మా కాక, వచ్చి మజ్దూర్‌గా చేరాడు, ఆ వెనక మా ఇద్దరినీ లాక్కొచ్చాడు. అన్న మంథనిలో హైస్కూలు పాసైనవాడు కాబట్టి బాయిలోకి దిగి యంత్రాలు బాగుచేసే ఫిట్టర్ల చేతి కింద పెట్టారు. నేను కూడా మంథనిలో చదివాను గానీ పాసవడం దగ్గర కొంచెం ఆలస్యం జరిగింది, ఆ ఆలస్యం ఇంకా కొనసాగుతూనే ఉంది. అందుకని నాకు వ్యాగన్ల మీద నుంచి బొగ్గు నమూనా తీసే పని దొరికింది.

అప్పట్లో తూర్పు జర్మనీ నుంచి పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో ఒక యంత్రం వచ్చింది, దాన్ని బిగించడానికి ఇద్దరు దొరలు కూడా వచ్చారు. వాళ్ల భాష వీళ్లకు రాదు, వీళ్ల భాష వాళ్లకు రాదు, మధ్యలో మా అన్న మాత్రం యంత్రం చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చూపించేవాడు. పోయేటప్పుడు ఆ దొరలు పై అధికారులతో ఏం చెప్పారో ఏమో, గనుల యంత్రాల చదువుకు ఆ దేశం పంపేవాళ్లలో అన్న పేరు కూడా వచ్చింది. రామగుండం స్టేషన్లో ఆయన్ను బ్యాండు మేళంతో రైలెక్కించాం. బ్యాండు మేళం మాది కాదు, అదే రైలుకు మంచిర్యాల పోతున్న పెళ్లివారిది. అయినా అది మోగుతుంటేనే అన్న రైలెక్కాడు, కొత్తగా కాపురానికి వచ్చిన మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

నాలుగేళ్లు దాటాక అన్న తిరిగి వచ్చాడు. తెల్లబడి, సన్నబడి, ప్రతి మాటకూ ముందు కాసేపు ఆలోచించే అలవాటుతో వచ్చాడు. ఆ సాయంత్రం ఇంటి ముందు మంచం వాల్చి, చదువు సర్టిఫికెట్టు తీసి మా కాక చేతిలో పెట్టాడు. కాకకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. పై నుంచి కింద దాకా చూస్తే ఒకటి, ఒకటి, రెండు, ఒకటి, ఒకటి, రెండు, మధ్యలో ఎక్కడో ఒక మూడు. కాక మొహం నల్లబడింది.

ఎందుకు నల్లబడిందో బొగ్గు బాయిల వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అప్పుడే కొత్తగా కూలీలను కేటగిరీలుగా విడగొట్టారు. కేటగిరీ వన్ అంటే అందరికన్నా అడుగున ఉండే జనరల్ మజ్దూర్, పని నేర్చినకొద్దీ రెండు, మూడు, నాలుగు అని పైకి పోవాలి. కాక కేటగిరీ వన్.

"ఏందిరా గిది? గంత దూరం ఇమానమెక్కి వోయి నాతోటి సమానమై వచ్చినవా?" అన్నాడు కాక. అని, మూడు మీద వేలు పెట్టి, "గిదొక్కటి జర నయ్యం" అన్నాడు.

అన్న నవ్వాడు. నేను ఊరుకోలేదు. నమూనాల పని చేసేవాణ్ణి, బొగ్గు గ్రేడులు నాకు నోటికి వచ్చు. వ్యాగన్ మీద అక్కడక్కడా తీసిన బొగ్గును కుప్ప పోసి, నలగ్గొట్టి, పరిచి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు రెండు పాళ్లు పారేసి, మిగిలినదాన్ని మళ్లీ కుప్ప పోసి, అట్లా పారేస్తూ పారేస్తూ చివరికి పిడికెడు మిగిల్చి ల్యాబుకు పంపేవాళ్లం. ఆ పిడికెడు కాలిస్తే ఎంత బూడిద మిగిలిందో చూసి మొత్తం వ్యాగన్‌కు గ్రేడు కట్టేవాళ్లు. అక్కడ ఒకటి మేలు, రెండు దానికన్నా తక్కువ, మూడు ఇంకా తక్కువ. జర్మనీ వాళ్లు మనుషులకు బొగ్గు లెక్కే పెడతారు, ఒకటి నుంచి ఐదు దాకా, ఒకటంటే అన్నిటికన్నా పైది, ఐదంటే ఫెయిలు అని కాకకు విడమరిచి చెప్పాను.

"బొగ్గు కాలేటిది, మనిషి పని జేసేటోడు. మనిషికి మజ్దూర్ లెక్కనే పెట్టాలె గని బొగ్గు లెక్క పెడ్తరారా ఎవడన్న?" అని కాక కొట్టిపారేశాడు. మర్నాటికల్లా ఈ తగువు చాయ్ హోటల్‌కు చేరింది. షిఫ్టు దిగినవాళ్లు బొగ్గు పక్షమనీ మజ్దూర్ పక్షమనీ రెండుగా చీలిపోయారు. మజ్దూర్ పక్షమే ఎక్కువ, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్లంతా వాళ్లే. నేను వాళ్లందరినీ ఒక్క రోజులో ఒప్పించాను. ఒక్క రోజు కాదు, ఒక వానాకాలం పట్టింది. చివరిదాకా నిలిచింది కాక ఒక్కడే, ఆయన కూడా ఓడిపోతూ ఓడిపోతూ ఒక చిక్కు ప్రశ్న వేశాడు. "సరే, నీ బొగ్గు లెక్కనే అనుకో. గ్రేడ్ వన్ మీద సెలెక్టెడ్ అని ఉంటది గదా, గది మీ అన్నకెందుకు రాలే?"

అన్నే చెప్పాడు. ఆ దేశంలో కూడా ఒకటి మీద మరొకటి ఉందట, అన్నిట్లో మేలుగా ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా రాసిస్తారట. "నాకు మంచుల వోయింది కాకా" అన్నాడు. గనుల చదువు చదివినా సరే అక్కడ ఆటలకు కూడా గ్రేడు వేస్తారు, చలికాలంలో కాళ్లకు బద్దలు కట్టుకుని మంచు గుట్ట మీద నుంచి జారాలి. గోదావరిని ఈదిన మా అన్న మంచులో మాత్రం మొదటి వంపు దగ్గరే బోర్లా పడేవాడు, లేచి మళ్లీ ఎక్కి మళ్లీ పడేవాడు. ఆ పట్టుదల చూసి మాస్టారు ఐదు వెయ్యకుండా మూడు వేశాడు. కాక మెచ్చుకున్న మూడు అదే.

ఒకటి ఎట్లా వస్తుందో కూడా అన్న చెప్పేవాడు. మనలాగా పరీక్ష కాగితాలు దిద్ది నూటికి ఇన్ని అనరు. ఒక గదిలోకి పిలుస్తారు, బల్ల మీద ప్రశ్నల చీటీలు బోర్లించి ఉంటాయి, ఒకటి తీసుకుని కాసేపు మూల కూర్చుని ఆలోచించుకోవాలి, ఆ తర్వాత ఇద్దరు మాస్టార్ల ఎదుట నోటితో జవాబు చెప్పాలి. వాళ్లు వింటారు, మధ్యలో గుచ్చి గుచ్చి అడుగుతారు, బయటికి పంపి మళ్లీ పిలిచి ఒక అంకె చెబుతారు. ఇది విని వదిన, "అంటే పిల్లను సూసినట్టే గదా, సూసి నచ్చిందో లేదో చెప్పినట్టు" అంది. మేమంతా నవ్వాం గానీ ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

నవ్వుల వెనక వదినకు ఒకటే కోరిక. ఆ చదువుతో ఇంజనీరు పోస్టు వస్తే అన్న బాయిలో నుంచి పైకి వస్తాడు. వెళ్లకముందు నుంచే దుమ్ముకు దగ్గేవాడు, అక్కడి గాలికి తగ్గింది, తిరిగి వచ్చి ఆ ఫిట్టరు డ్యూటీలోనే దిగితే మళ్లీ మొదలైంది. "పెద్ద సాబు గాకున్నా ఫికర్ లేదు, పైకి రావాలె గంతే" అనేది.

ఆ పోస్టుకు కావలసింది ఫస్టు క్లాసు డిప్లొమా, లేదా దానికి సమానమైనది. దరఖాస్తు రాసిపెట్టింది మంథని పంతులుగారు. తరతరాలుగా చదువు చెప్పే ఇంటి మనిషి, మా కార్మికవాడ బడికి హెడ్మాస్టరు. ఒక ఆదివారం అన్నను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ దేశంలో చిన్న బడి నుంచి పెద్ద కాలేజీ దాకా అంకె దిగినకొద్దీ మనిషి ఎట్లా పెరుగుతాడో ఇంగ్లీషులో రెండు పేజీలు రాశారు. రాసి, కళ్లజోడు తీసి, "ఇది తరగతి నాయినా, శాతం గాదు. దీనికి శాతం అడిగితె మాత్రం కష్టమైతది" అన్నారు.

ఆ దరఖాస్తు చూసే ఆఫీసరు మంచివాడే. ఆయనతో నేను గంటసేపు వాదించి బల్ల గుద్దాను. లేదు లేండి, నేను కిటికీ బయట అన్న సైకిలు పట్టుకుని నిలబడ్డాను. లోపల బల్ల ఎవరూ గుద్దలేదు, అదే అసలు బాధ, అంతా మర్యాదగా జరిగింది. ఆయన పంతులుగారి రెండు పేజీలూ చదివి, "అర్థమైందయ్యా. ఒకటంటే మంచిదే. నాకేం సందేహం లేదు. కానీ ఇక్కడ శాతం రాయాలి. ఎంతని రాయను?" అన్నాడు.

"వాళ్లు నాకు శాతం ఇయ్యలే సార్. ఇయ్యనిది నేనెట్ల చెప్త?" అన్నాడు అన్న.

అయితే పైకి రాసి అడుగుదామన్నాడాయన. ఎక్కడో పెద్ద ఊళ్లో విదేశీ చదువులను మన చదువులతో తూచే ఆఫీసు ఒకటి ఉందట, వాళ్లు చెబితే సరిపోతుందట. దారిలో నేను అన్నతో, "తొంభై అని చెప్పరాదే, ఎవడు వోయి చూసొస్తడు?" అన్నాను. అన్న సైకిలు ఆపాడు. "నువ్వైతె నూటపది చెప్తవ్" అన్నాడు. కాసేపు నడిచాక, "జర్మనీల ఆ ముసలి సారు నా మొహం చూసుకుంట అంతసేపు విని ఒకటి అన్నడు తమ్మీ. తొంభై అన్లే" అన్నాడు.

పై నుంచి జవాబు రాలేదు. ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. కొత్తాయన ఫైలు తెరిచి, ఒకటి చూసి, కళ్లెత్తి అన్నను జాలిగా చూశాడు. మళ్లీ మొదటి నుంచి, ఒకటంటే తక్కువ కాదు సార్ ఎక్కువ సార్ అని. ఆయనకు అర్థమై, ఆయన ఒక ఉత్తరం రాసి, ఆయన కూడా బదిలీ అయ్యేసరికి ఇంకొకాయన. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అందరికీ చివరికి అర్థమయ్యేది, అర్థమైనవాడు వెళ్లిపోయేవాడు. మా కాక కూడా ఈలోగా పూర్తిగా మా పక్షానికి వచ్చేసి, కనబడ్డవాడికల్లా, "జర్మనీల ఉల్టా లెక్కరా బయ్. ఈడ అడుగునున్నోడు ఆడ మీదుంటడు. మనమంత ఆడ పుట్టాల్సినోళ్లం" అని చెప్పేవాడు. పంతులుగారు ప్రతి ఏడూ ఆ రెండు పేజీలను కొత్తగా రాసి ఇచ్చేవారు, ప్రతి ఏడూ అక్షరాలు కొంచెం వణికేవి.

ఈ మధ్యలో ఆ యంత్రం ఆగినప్పుడల్లా అన్న కోసం మనిషి పరుగెత్తుకు వచ్చేవాడు. షిఫ్టు కాకపోయినా, అన్నం ముందు కూర్చున్నా, లేచి పోయేవాడు. యంత్రం నడిచేది, అన్న ఫిట్టరుగానే తిరిగి వచ్చేవాడు. తర్వాత విడి భాగాలు రావడం మానేశాయి, యంత్రాన్ని ఒక పక్కకు నెట్టేశారు, మనిషి రావడం కూడా ఆగిపోయింది. అప్పటి నుంచి దగ్గు ఒక్కటే క్రమం తప్పకుండా వచ్చేది.

జవాబు వచ్చింది. నిజంగానే వచ్చింది, నేను కల్పించడం లేదు. అప్పటికి పోస్టుకు ఉండవలసిన వయసు దాటి అన్నకు ఏడాదో రెండేళ్లో అయింది. ఆ పెద్ద ఆఫీసు వాళ్లు అంకెలన్నీ సరిగ్గానే చదివారు, ఒకటి ఎక్కువనే వాళ్లకు ముందే తెలుసు. అన్నీ కూడి సగటు తీశారు. పాఠాల అంకెలు మాత్రమే లెక్కిస్తే ఒకటికే దగ్గరగా ఉండేది. మంచులో జారిన మూడు కూడా కలిసి సగటు రెండు వైపుకు ఒరిగింది. రెండంటే మన లెక్కలో సెకండ్ క్లాసు అని తేల్చారు.

పంతులుగారు మా వాకిట్లో కూర్చుని ఆ జవాబు చదివి వినిపించారు. వదినే ముందుగా, "గా మంచుల జారుడుకు, ఈ బాయికి ఏం సంబంధం? ఈడ మంచు పడ్తదా?" అని అడిగింది. నన్నే అడిగింది, ఎందుకంటే ఆ దేశం లెక్కలన్నీ తెలిసినవాణ్ణని ఏళ్ల తరబడి చెప్పుకున్నది నేనే. కాక అటు తిరిగి బీడీ వెలిగించుకోబోయాడు, పుల్ల వెంట పుల్ల ఆరిపోతూనే ఉంది. అన్న టోపీ తీసుకుని సెకండ్ షిఫ్టుకు పోయాడు.

ఆ తర్వాత ఇంట్లో జర్మనీ ఊసెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చాయ్ హోటల్లో కొత్తవాళ్లెవరైనా అడిగితే నేను కూడా ఏదో పని ఉన్నట్టు లేచి వచ్చేవాణ్ణి. డెబ్బైల చివర అన్న దవాఖానలో పడ్డాడు. ఊపిరి పట్టి పట్టి మాట్లాడేవాడు. ఒక సాయంత్రం వదిన అన్నం తేవడానికి ఇంటికి పోయినప్పుడు, నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లవాడు దారి అడిగినట్టుగా అడిగాడు.

"తమ్మీ, ఒకటంటే ఎక్కువేనా?"

ఆ లెక్క నాకు నేర్పింది ఆయనే. ఆయన నేర్పిందే నేను బెల్టంతా తిరిగి చెప్పాను, సరే, బల్ల మీద కూర్చుని చెప్పాను. ఇన్నేళ్లూ ఇంతమంది ఆఫీసర్ల ముందు నిలబడి ఒకటంటే తక్కువ కాదు సార్ అని చెప్పీ చెప్పీ, చివరికి ఆయనకే అనుమానం వచ్చింది.

"ఎక్కువే అన్నా. అన్నిటికన్న మీదిది. నువ్వు ఫస్టు" అన్నాను.

అన్న నా వైపు చాలా ప్రేమగా చూశాడు. "నువ్వట్లనే అంటవ్ తీ" అన్నాడు.

స్టేషన్లో బ్యాండు మేళం నా సొంతమని చెప్పుకున్నవాణ్ణి, బల్లలు గుద్దానని చెప్పుకున్నవాణ్ణి, నా మాటను ఎవరు ఎందుకు నమ్మాలి? జీవితంలో ఇసుమంతైనా కలపకుండా చెప్పిన మాట అదొక్కటే. దాన్ని నిలబెట్టడానికి ఒట్టు పెట్టుకున్నాను, పిల్లల మీద పెట్టుకున్నాను, అన్న కళ్లు మూసుకుని తల ఊపాడు, నన్ను ఊరుకోబెట్టడానికి. వారం తిరక్కముందే పోయాడు.

ఇప్పుడు ఆ బాయి లేదు. దాని మీదుగా పై నుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని తవ్వుకుంటూ పోయారు, అన్న తల వంచుకుని నడిచిన దారులున్న చోట ఇప్పుడు ఆకాశం ఉంది, అడుగున డంపర్లు చీమల్లాగా తిరుగుతుంటాయి. కాక పోయాడు, పంతులుగారు పోయారు, వదిన కూడా పోయింది. ఆ ముసలి మాస్టారు ఒకటి ఇచ్చిన దేశం కూడా పటంలో లేదు, గోడ కూలగొట్టి పక్క దేశంలో కలిసిపోయిందని పేపర్లో చదివిన రోజు, ఎవరికి చెప్పాలో తెలియక చాలాసేపు గేటు దగ్గర నిలబడ్డాను. ఇచ్చినవాళ్లూ లేరు, పుచ్చుకున్నవాడూ లేడు, అడ్డం పడినవాళ్లూ లేరు. మా అన్నకు వచ్చిన ఆ ఒకటి ఎక్కువేనని ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఈసారి ఇందులో తగ్గించుకోవలసింది ఏమీ లేదు.